కర్రకు అందనంత దగ్గర

ప్రశ్న అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు తాలింఖానా నడిపే పైడయ్యగారికి లేదు. అడిగినవాడి ముఖంలోకి ఒకసారి చూసి, కుస్తీ పట్టే గోదాలో మట్టి తిరగవేసే పని అప్పగించేవారు. జవాబు ఎప్పుడో, ఎక్కడో, తనంత తానుగా ఎదురయ్యేది. ఎదురైనప్పుడు దానిని గుర్తుపట్టడం మాత్రం శిష్యుడి పూచీ.

దాలినాయుడికి అంత ఓపిక లేదు. కర్రసాములో ఆ చుట్టుపక్కల అతనికి దీటైనవాడు లేడు. అతని చేతిలో తిరుగుతున్న కర్ర చూసేవారి కంటికి ఆనదు. గాలి కోసుకుపోయే చప్పుడే వినవస్తుంది. అలాంటివాణ్ణి కాదని, ఆ ఏడు అమ్మవారి సంబరంలో ఊరేగింపుకు ముందు నడిచే గౌరవాన్ని గురువుగారు వేరొకరికి ఇవ్వబోతున్నారు. కారణం ఒక్కటే. దాలినాయుడు గోదాలో దిగడు. ఒళ్లంతా మట్టి పూసుకుని, ఇంకొకడి చెమట తన చెంపకు అంటించుకుని దొర్లడమంటే అతనికి ఏవగింపు.

ఆ ఉదయం అందరి ముందూ నిలదీశాడు. "గురువుగారూ, నా కర్ర తిరుగుతుండగా నా ఒంటి మీద చెయ్యి వేసిన మొనగాడున్నాడా? మనిషే దగ్గరకి రాలేనప్పుడు ఈ కుస్తీ పట్లు ఎందుకండీ? చేతకానివాళ్ల విద్య నా నెత్తిన రుద్దుతారేం?"

గోదాలో ఉన్నవాళ్లు పట్టు సడలించి చూశారు. "పెళ్లికొడుకండీ, మట్టి అంటకూడదు," అన్నాడొకడు. నవ్వులు లేచాయి. పైడయ్యగారి కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ పార అందుకో," అన్నారంతే.

దాలినాయుడు పార అందుకోలేదు. కర్ర భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా గుమ్మం వైపు నడిచాడు.

అతను గుమ్మం చేరేలోగానే, అన్న పొలానికి పొరుగు రైతు గౌరీసు రొప్పుతూ లోపలికి దూసుకువచ్చి గోదా అంచున కూలబడ్డాడు. వెనకాలే కొడవలితో దాలినాయుడి సొంత అన్న సత్యంనాయుడు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. రైతులు కాలువ నీటిని వంతులవారీగా వాడుకుంటున్నారు. సత్యంనాయుడి వంతు నాడు గౌరీసు గట్టు తెగ్గొట్టి, నీళ్లు తన మడిలోకి మళ్లించుకున్నాడు. అడగబోతే, "నీ మడి ఎండితే ఏటయిపోద్ది? తినడానికి నీ ఇంట్లో బిడ్డలున్నారేటి?" అన్నాడట. సత్యంనాయుడి ఒక్కగానొక్క కూతురు ఆ వేసవిలోనే జ్వరంతో పోయింది.

దాలినాయుడు గిరుక్కున తిరిగి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"తప్పుకోరా! ఇయేల ఆడి నాలిక తెగ్గోసేస్తాను."

"అన్నా, ఆగు. అన్నా!"

కొడవలి పైకి లేచింది. దాలినాయుడు ఆలోచించలేదు, చేయి నేర్చిన పని చేసింది. కర్ర అన్న మణికట్టు మీద పడింది. ఎండుకొమ్మ విరిగిన చప్పుడయింది. కొడవలి ఎగిరి అవతల పడింది.

"శభాష్!" అన్నారెవరో. ఆ మాట ముగియకముందే సత్యంనాయుడు తమ్ముడి వైపు తిరిగాడు. ఇప్పుడా కళ్లలో గౌరీసు లేడు. "నన్నా? నన్ను కొడతావురా నువ్వు?" అంటూ, వేలాడుతున్న చేతిని పట్టించుకోకుండా మీదికి వచ్చాడు.

మణికట్టు దెబ్బకు ఆగనివాడికి మోకాలు; దానికీ ఆగనివాడికి కణత. కర్ర నేర్పిన వరస అది. కోపంతో దాలినాయుడి కర్ర ఏకంగా కణత ఎత్తుకు లేచింది. లేచి, అక్కడే నిలిచిపోయింది. అది దిగితే ఏమవుతుందో అతనికి తెలిసింది. అంతలో అన్న రొమ్ముకు రొమ్ము తగిలేంత దగ్గరకు వచ్చి, ఎడమచేత్తో అతని గొంతు పట్టాడు. అంత దగ్గరలో కర్ర వట్టి కట్టె. తిప్పడానికి చోటు లేదు. పారేద్దామంటే, ఖాళీ చేతులతో ఏం చేయాలో అతను నేర్వలేదు.

పైడయ్యగారు వచ్చి వెనకనుంచి సత్యంనాయుడి చంకల కింద చేతులు దూర్చారు. ఒక్క మెలికతో తమ్ముడి గొంతు విడిపించి, విరిగిన చేయి నలగకుండా తన మోచేతి వంపులో దాచి, అతనితో పాటే గోదాలోకి ఒరిగారు. ముసలాయన కింద, అతను పైన. సత్యంనాయుడు తన్నాడు, పెనుగులాడాడు, తల వెనక్కి విసిరి ఆయన పెదవి చిట్లించాడు. ఆయన కొట్టలేదు. వదలనూ లేదు.

"తిట్టరా. ఇంకా తిట్టు. నేనెక్కడికీ పోను."

తిట్లు గౌరీసును వదిలి వాన మీదికి, వానను వదిలి దేవుడి మీదికి వెళ్లాయి. చివరికి కూతురి పేరు వచ్చింది. అక్కడినుంచి అది ఏడుపే.

"గౌరీసూ," అన్నారు పైడయ్యగారు, కిందనుంచే, తల తిప్పకుండా. "నువ్వు వెళ్లి ఆ గట్టు కట్టు. నీ నోటి సంగతి తరవాత చూస్తాను."

గౌరీసు గోడవారగా జారుకున్నాడు. దాలినాయుడికి గొంతు మీది గోళ్ల గాట్ల కంటే తనవైపు తిరిగిన చూపులు ఎక్కువ మండాయి. "నేను కొట్టకపోతే ఈపాటికి ఇక్కడ శవం లేచేది! అది ఎవరికీ కనబడదు. తప్పంతా నాదే అన్నట్టు చూస్తారేం?"

"కనబడింది." పైడయ్యగారు నెత్తురు ఉమ్మారు. ఆయన గొంతులో మెత్తదనం లేదు. "కొడవలి పడేదాకా నువ్వు చేసింది సరే. ఆ తరవాత మిగిలింది మీ అన్న. నా చేతులు తిమ్మిరెక్కాయి. వచ్చి పట్టుకో."

"నాకు పట్టుకోవడం రాదు!" అని అరిచాడు దాలినాయుడు.

"రాదుగా," అన్నారు గురువుగారు. "అయితే మెల్లిగా పట్టుకో. ఆ చెయ్యి విరిగి ఉంది."