గరుడాచారి పెట్టిన పరీక్ష

కొండవాక రాజుగారికి ఒక ఉదయం కొత్త ముచ్చట పుట్టింది. ఓడ వర్తకులు తెచ్చిన అచ్చుపుస్తకంలో వాక్యాల చివర చుక్కలు, కొక్కేలు, నిలువు గీతలు కనబడ్డాయి. మాట ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడగాలో, ఎక్కడ ఆశ్చర్యపోవాలో చెప్పే గుర్తులని తెలిసి మురిసిపోయాడు.

"కోట బడిపిల్లలకు ఇవి రావాలి. నెల గడువు" అన్నాడు.

బడి గరుడాచారి చేతిలో ఉంది, ఆయన చేతిలో బెత్తం ఉంది.

"వీపు మీద నాలుగు వాతలు పడితే అవే వస్తాయి ప్రభూ."

"చుక్కలు పెట్టాల్సింది పలక మీద కదా ఆచార్యా" అన్నాడు విదూషకుడు బుచ్చన్న.

సభ ఘొల్లుమంది. ఆచారి ముఖం కందగడ్డయింది.

"అంత తెలిస్తే నువ్వే నేర్పు! నేర్పితే బడి నీది. లేదా కోట విడిచి పో!"

బుచ్చన్న కూతురు చిట్టెమ్మ ఆ బడిలోనే చదువుతోంది. బెత్తం దెబ్బలకు దాని అరచేతులు కందని రోజు లేదు. బుచ్చన్న ఇక ఆలోచించలేదు, సరేనన్నాడు.

మర్నాడు పిల్లలకు తలా గుప్పెడు చింతగింజలు పంచాడు.

"మాట ముగిసిందా, గింజ నేల మీద పెట్టి చతికిలబడండి. ప్రశ్న అడిగారా, చెయ్యి నెత్తి మీద కొక్కెంలా వంచండి. ఆశ్చర్యమో కోపమో వచ్చిందా, కర్రలా బిగుసుకుని ఎగరండి."

"ఎవరు మాట్లాడినా చెయ్యాలా నాన్నా?" అంది చిట్టెమ్మ.

"ఎవరు మాట్లాడినా."

పదిరోజులు తిరిగేసరికి, వంటమనిషి "ఉప్పేదీ?" అని అరిస్తే చాలు, వసారాలో చేతులన్నీ నెత్తికెక్కేవి.

గడువు నాటికి ఆచారి తన ఎత్తు తాను వేసుకొచ్చాడు. పిల్లలు సభలో వరసగా నిలబడగానే, గుక్క తిప్పుకోకుండా ఒక వర్ణన అందుకున్నాడు. రాజుగారి కోట, కోట మీది బురుజు, బురుజు మీది జెండా, జెండాను తాకే గాలి, గాలి తెచ్చే పరిమళం... వాక్యం సాగుతోందే తప్ప ముగియదు. పిల్లలు గింజలు పట్టుకుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. బుచ్చన్న చుక్క కోసం చెవులు రిక్కించాడు.

చివరికి ఆచారి ఊపిరాడక ఆగిపోయి, రాజుగారి వైపు తిరిగాడు.

"చూశారా ప్రభూ! ఒక్కరూ కదల్లేదు!"

పిల్లలందరూ ఎగిరారు.

ఆచారి ఉలిక్కిపడ్డాడు. "ఏమిటీ కోతివేషాలు?"

చేతులన్నీ నెత్తికెక్కాయి.

"నోర్మూసుకోండి!"

ఒక్కరూ నోరు తెరవలేదు, మళ్లీ ఎగిరారు.

"నేను వీళ్లకు పరీక్ష పెడుతున్నాను ప్రభూ."

గింజలు టపటపా నేల మీద పడ్డాయి. పిల్లలు చతికిలబడ్డారు. సభ పొట్టలు పట్టుకుంది.

రాజుగారు నవ్వు ఆపుకుంటూ అడిగాడు. "బుచ్చన్నా, ఇంతకీ ఈ పరీక్ష ఎప్పుడు ముగుస్తుంది?"

పిల్లలు లేచి, రాజుగారికీ కొక్కేలు చూపించారు.

బుచ్చన్న వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఎప్పుడో ముగిసింది ప్రభూ. ఆ సంగతి ఆచార్యులవారికే ఇంకా తెలియలేదు."

పిల్లలందరూ గింజలు పెట్టి కూర్చున్నారు.

రాజుగారు సింహాసనం మీద నుంచి జారిపోయేంతగా నవ్వి, మెడలోని ముత్యాలహారం తీసి బుచ్చన్న మెడలో వేశాడు.

"బడి నీదే!"

ఈసారి పిల్లలతో పాటు బుచ్చన్న కూడా ఎగిరాడు.