తెల్ల పంచె

గున్నయ్యశెట్టి దగ్గర పదేళ్లుగా పని నేర్చుకుంటున్న బుచ్చిలింగానికి ఆ ఉదయం ఒళ్లు మండిపోయింది. కొత్త ఓడలో వాటాలన్నీ ఒక్క పూటలో అమ్మి వచ్చాడు. తీరా ముద్ర వేయమంటే గురువు వేయడే!

ఆ రేవులో శెట్టిది మధ్యవర్తి కొట్టు. ఓడ కట్టేవాడి దగ్గర డబ్బుండదు, డబ్బు దాచుకున్నవాళ్లకు ఓడ సంగతి తెలియదు. ఇద్దరినీ కలిపేది శెట్టి ముద్ర. అది వేసేముందు ఆయన ఉతికిన పంచె కట్టుకుని, సముద్రం పోటు వచ్చి తగ్గేదాకా ఓడ అడుగున కూర్చునేవాడు. తరవాత ఆ పంచెను కొట్టు గుమ్మానికి తగిలించేవాడు. తడి లేకుండా, పలకల సందులకు పూసే గుగ్గిలం మరకలు మాత్రమే ఉంటే జనం వాటాలు కొనేవారు.

ఏడాదిపాటు శెట్టి మంచాన పడితే కొట్టు బుచ్చిలింగం చూశాడు. అంతసేపు ఆ కంపులో ఎవడు కూర్చుంటాడు? చాకలి తెచ్చిన పంచెలనే తిన్నగా గుమ్మానికి తగిలించాడు. అదృష్టం బాగుండి ఆ ఏడు వెళ్లిన మూడు ఓడలూ క్షేమంగా తిరిగొచ్చాయి. తళతళలాడే పంచె జనానికి ఇంకా నచ్చింది.

ఇప్పుడు లేచి తిరుగుతున్న శెట్టి, కొత్త ఓడ పేర బుచ్చిలింగం గుమ్మానికి తగిలించిన పంచె కొసను వేళ్లతో నలిపి చూశాడు.

"ఇది కట్టుకుని రా" అన్నాడు.

ఇద్దరూ ఓడ అడుగున కూర్చున్నారు. పోటు పెరిగేకొద్దీ పలకల సందుల్లోంచి నీళ్లు ఊరాయి. బుచ్చిలింగం నడుందాకా తడిసిపోయాడు. అయినా ఊరుకోలేదు. ఓడ మునిగినా మన రుసుం మనకు ముందే ముడుతుందని, మధ్యవాళ్లకు పోయేదేమీ లేదని నసిగాడు.

తిరిగొచ్చాక శెట్టి ఆ తడి పంచెను తన చేత్తోనే గుమ్మానికి తగిలించి, ఎవరి సొమ్ము వాళ్లకు ఇచ్చేశాడు. ఒక్కరూ సంతోషించలేదు. అందులో వలలల్లే నూకాలమ్మ ఇరవయ్యేళ్లుగా కూడబెట్టిన సొమ్మూ ఉంది. వచ్చే లాభాన్ని చెడగొట్టాడని ఆమె శెట్టిని నోరారా తిట్టి, మూట పట్టుకుని వెళ్లింది.

మర్నాడు ఎదురు కొట్టువాడు అదే ఓడ వాటాలు అమ్మకానికి పెట్టాడు. గుమ్మానికి మల్లెపువ్వులాంటి పంచె. జనం ఒకటే తోపులాట.

బుచ్చిలింగం పరుగెత్తుకెళ్లి, ఆ పంచె ఓడ ఎక్కనే లేదని, ఒక్క మరకైనా ఉందేమో చూడమని అందరినీ బతిమాలాడు.

"నువ్వు తగిలించినవీ ఇలాగే ఉండేవి కదా బాబూ" అంది నూకాలమ్మ, వాటా కాగితం మీద వేలిముద్ర వేస్తూ.

అమావాస్య పోటుకు ఓడ బయల్దేరింది. నూకాలమ్మ ఒడ్డున కొబ్బరికాయ కొట్టింది. చూడలేక బుచ్చిలింగం గురువు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"ఒక్కరూ నన్ను నమ్మలేదండీ."

శెట్టి ఓడనే చూస్తున్నాడు.

"నమ్మకేం? నిన్ను నమ్మే సొమ్మంతా ఆ ఓడ ఎక్కించారు."