గోడ గడియారంలో సెల్లు

తప్పు నాది కాదని అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. దరువు అదిరిపోవాలని, ఒక్కోటీ బిందెంత ఉన్న రెండు సబ్‌వూఫర్లు వ్యానులో బిగించాను. పాట పెడితే దమ్ము లేదు. దోమ పాడినట్టుంది.

గుంటూరు ఆటోనగర్‌లో మా సందు మొత్తానికీ, బండ్లకు సౌండు బిగించే ఆడమనిషిని నేనొక్కదాన్నే. మీరావలి ఉస్తాద్ దగ్గర మూడేళ్లుగా నేర్చుకుంటున్నాను. ఒక బండి మొత్తం నా చేతికి వదలడం అదే మొదటిసారి. కోలాటం బృందాలను తిప్పే కోటిలింగం వ్యాను అది. పొద్దున్నించీ ఆయన నా వెనకే నిలబడి ఒకటే నస.

"ఆడపిల్ల చేతికివ్వొద్దని చెప్పానా ఉస్తాద్! సాయంత్రం చీరాలలో కోలాటం ఉంది నాకు."

సందులో వాళ్లంతా మూగారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"బ్యాటరీ నుంచి లావు వైరు లాగాను. ఫ్యూజు వేశాను. ఎర్తు బాడీకి బిగించాను. ఆ యాంప్లిఫయరే చాలట్లేదు, పెద్దది తెప్పించండి. నా వైరింగులో తప్పుంటే ఈ స్క్రూడ్రైవర్ జన్మలో ముట్టుకోను!" అని దాన్ని నేలకేసి కొట్టాను.

ఉస్తాద్ వ్యానెక్కి, రెండో వూఫర్‌కు వెళ్లే వైర్లు యాంప్లిఫయర్ దగ్గర ఊడదీసి, మళ్లీ పాట పెట్టారు.

నంబరు ప్లేటు గడగడలాడింది. కోలాటం దరువు వచ్చి నా పొట్టలో తగిలింది.

"అదేంటి ఉస్తాద్? ఒకటి తీసేస్తే పెరగడమేంటి?"

ఆయన షాపులోకి వెళ్లి గోడ గడియారం దించారు. అందులోంచి సెల్లు తీసి నా చేతిలో పెట్టారు.

"రెండింటికీ తగిలించి చూడమ్మాయ్."

మొదటి వూఫర్ వైర్లు కూడా విప్పాను. ఎర్రవైరు సెల్లు తలకి, నల్లవైరు అడుక్కి. వూఫర్ అట్ట కొంచెం ముందుకు ఉబికింది. రెండోదానికీ అలాగే తగిలించాను. అది వెనక్కి పోయింది.

ఇంకోసారి చూశాను. వెనక్కే.

ఆ రెండో వూఫర్ పెట్టె మూలన ఇరుక్కుని ఉంటే తలకిందులుగా వంగి బిగించాను పొద్దున. కోటిలింగం నస వింటూ, పళ్లు కొరుకుతూ. ఎర్రది నల్లదాని చోట పడింది. ఒకటి గాలిని తోస్తుంటే ఇంకోటి లాగుతోంది, దరువు అక్కడికక్కడే చచ్చిపోతోంది. ఎంత పెద్ద యాంప్లిఫయర్ తెచ్చినా అంతే.

"ఏమ్మా, తేలిందా? తప్పెవరిది?" అన్నాడు కోటిలింగం.

మెల్లగా చెప్పొచ్చు. చెప్పలేదు.

"నాదే!" సందు చివరిదాకా వినపడేలా అన్నాను. "కానీ మీ వ్యాను టైముకే చీరాల వెళ్తుంది."

"స్క్రూడ్రైవర్ ముట్టుకోనన్నావుగా మరి? ఉస్తాద్, ఇంకెవర్నైనా పిలవండి."

నాకు ఏడుపొచ్చింది. మూడేళ్లు ఒక్క మాటతో పోగొట్టుకున్నాననిపించింది. అయినా తల దించలేదు.

ఉస్తాద్ గడియారంలో సెల్లు వేసి, ముల్లు సరిచేసి, గోడకు తగిలించారు. నేలమీద పడున్న స్క్రూడ్రైవర్ తీసి, చొక్కాకు తుడిచి, నాకందించారు.

"ఈ వైరు ఇక జన్మలో తిరగేసి బిగించని చెయ్యి ఈ సందులో ఒక్కటే ఉంది కోటిలింగం," అన్నారు. "అదే బిగిస్తుంది."

మళ్లీ తలకిందులుగా వంగాను.