కళ్ళు తెరవని పులి

అడవుల్లో వెలసిన ఆ నరసింహస్వామి మనందరినీ చల్లగా చూడాలి గానీ, ఇలా దగ్గరికి జరిగి వినండి. చందనగిరి రాజుగారికి వేటంటే ప్రాణం. ఆయన మోకాళ్ళకేమో ఆ సంగతి పట్టలేదు. గుర్రం ఎక్కలేక ఒకనాడు నిండు సభలో హుకుం జారీ చేశారు.

"నేను అడవికి పోలేను. అడవినే ఇక్కడికి రప్పించండి!"

మంత్రులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజుగారికి తాంబూలం అందించే ఓబులేశు మాత్రం కొండ కింద ఉన్న తన ఊరికి కబురు పంపాడు. ఏడాది తిరిగేసరికి ఆ ఊరి శిల్పి కంబాచారి టేకు మానులో చెక్కిన పులితో, నేతగత్తె సంజీవమ్మ తాను నేసిన నిలువెత్తు తెరతో సభకు వచ్చారు. తెర నిండా మద్దిచెట్లు, వెదురు పొదలు, వాటి సందుల్లో ఎండ పొడలు.

రాజుగారి మొహం విప్పారింది. కానీ ఆయన మెచ్చాలంటే ముందు ఆస్థాన కళాపరీక్షకులు విరూపాక్షులవారు మెచ్చాలి. ఆ మహానుభావులు ఇంతవరకూ దేన్నీ మెచ్చి ఎరగరు. మెచ్చేస్తే ఇక తనకు పనేముంటుందని బెంగ!

పులి చుట్టూ రెండుసార్లు తిరిగి ముక్కు చిట్లించారు.

"దీనికి కళ్ళేవీ? ప్రాణం లేని దుంగ. పిల్లి కూడా బెదరదు. ఇక ఆ తెరంటారా, ఉత్త దారాలు. దాన్ని అడవి అనుకునే వెర్రివాడు ఈ భూమ్మీద పుట్టలేదు ప్రభూ!"

రాజుగారు నిట్టూర్చారు. "అయితే పులిని వంటశాల పొయ్యికి పంపండి. తెరను గుర్రాల మీద కప్పండి."

"ఏడాది నేశాను సామీ!" అంటూ సంజీవమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

కంబాచారి చేతులు జోడించాడు. "మహాప్రభూ, కళ్ళు ఆఖర్న, నిలబెట్టిన చోటే తెరుస్తాం. మా ఆనవాయితీ అది. తొలిచూపు ఉగ్రంగా ఉంటుంది. మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పెడతాం."

ఓబులేశు తమలపాకుల పళ్ళెం కింద పెట్టాడు.

"పొయ్యిలో పెట్టేముందు ఆ కళ్ళేవో తెరవనివ్వండి ప్రభూ. అద్దం ఎందుకు, దుంగే కదా! విరూపాక్షులవారే ఎదురుగా నిలబడతారు."

"నిలబడతానోయ్! నాకేం భయం?" అని విరూపాక్షులవారు మీసం దువ్వారు.

కంబాచారి స్వామిని తలుచుకుని సన్న ఉలి తీశాడు. టక్. ఎడమ కన్ను తెరుచుకుంది. విరూపాక్షులవారు అరడుగు వెనక్కి వేశారు.

"ఇక్కడ... గాలి ఆడటం లేదు. కాస్త పక్కకు జరుగుతాను."

"అయ్యో, కదలకండి. చూపు తిన్నగా మీ మీదే పడాలి" అన్నాడు ఓబులేశు.

టక్. కుడి కన్ను విచ్చుకుంది. దీపం వెలుగు రెండు కళ్ళలోనూ భగ్గుమంది. పులి చూసింది!

"అమ్మోయ్!"

ఉత్తరీయం ఒకపక్క, తలపాగా ఒకపక్క. కళ్ళు మూసి తెరిచేలోగా పరీక్షకులవారు మాయం. సంజీవమ్మ తెర కింద మాత్రం రెండు పాదాలు గడగడ వణుకుతున్నాయి.

"ఏరా ఓబులేశూ, విరూపాక్షులవారేరీ?" అన్నారు రాజుగారు.

"పులికి చిక్కకుండా అడవిలో దాక్కున్నారు ప్రభూ!"

సభ గొల్లుమంది. రాజుగారు పడీపడీ నవ్వుతూ చేతి కడియాలు కంబాచారికి, మెడలో హారం సంజీవమ్మకు, భుజం మీది శాలువా ఓబులేశుకు ఇచ్చేశారు.

అప్పుడు వెదురు పొదల వెనకనుంచి సన్నగా ఒక గొంతు వినబడింది.

"అది... అటు తిరిగిందా?"