రాజుగారి పుట్టుకుండ

ఒకానొక రాజ్యంలో కుండ చేయాలంటే కుమ్మరులకు వణుకు పుట్టేది. ఆ దేశపు రాజు ప్రచండవర్మకు తనంత తెలివైనవాడు భూమ్మీద లేడని నమ్మకం. మనలాంటివాళ్ళకు నమ్మకం ముదిరితే పిచ్చి అంటారు. రాజుకు ముదిరితే అదే శాసనం!

మట్టిలో ఊక కలిపి కాలిస్తే, ఊక కాలిపోయి కుండ గోడ నిండా సన్నని బెజ్జాలు పడతాయి. కుండ నురుగంత తేలికవుతుంది. "దీన్ని నేనే కనిపెట్టాను. నా సెలవు లేకుండా చేసినవాళ్ళ బొటనవేళ్ళు నరికిస్తాను. ఇంతకుముందే ఉందని రుజువు చేస్తే హక్కు వదులుకుంటాను" అని రాజు చాటింపు వేయించాడు. ఒక ముసలి కుమ్మరి పాత కుండ తెచ్చి చూపిస్తే, "నిన్న కాల్చి పాతదంటావా?" అని చెరలో వేయించాడు. ఇక నోరెత్తినవాడు లేడు.

ఇంతలో సూరమ్మ అనే కుమ్మరామె ఊక కుండలతో భటులకు దొరికిపోయింది. మర్నాడే తీర్పు. ఆమె ఆస్థానంలోని చమత్కారి తిప్పనకు కబురు పెట్టింది.

అతను రాగానే, "బాబూ, మా అవ్వ చేసిన పనే నేనూ చేశాను. వేళ్ళు పోతే నా పిల్లలకు ముద్ద కలిపి పెట్టేదెట్లా?" అని బావురుమంది.

రుజువు ఎక్కడుందో తిప్పనకు తెలుసు. అతని తల్లి అంతఃపురంలో మంత్రసాని. రాజవంశంలో మగబిడ్డ పుడితే బొడ్డుతాడును కుండలో పెట్టి, తండ్రి ముద్ర వేసి, పురిటిగది వాసానికి వేలాడదీస్తారు. అది పడితే బిడ్డకు కీడని కుమ్మరులు ఆ పుట్టుకుండను ఊక కలిపి వీలైనంత తేలికగా చేసేవారు. కానీ దాన్ని దించినవాడి తల దిగుతుంది.

మర్నాడు తిప్పన రెండు కుండలకు గుడ్డ కప్పి సభకు తెచ్చాడు.

"మహారాజా, తమ సృష్టిని తమరు కళ్ళు మూసుకున్నా గుర్తుపడతారని ఈ సభకు తెలియాలి."

రాజు పొంగిపోయి కళ్ళు మూసుకున్నాడు. మొదటి కుండ ఎత్తి, "ఛీ, బండరాయి!" అన్నాడు. రెండోది ఎత్తగానే మొహం విప్పారింది.

"ఇదీ కుండంటే! నేను కనిపెట్టిన కుండ. నా బుర్రకు తట్టకముందు ఇలాంటిది లోకంలోనే లేదు!"

"ఇక కళ్ళు తెరవండి ప్రభూ."

మూత మీద ఆయన తండ్రి లక్కముద్ర ఉంది. రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది.

"నా పుట్టుకుండనే దించావా?"

తిప్పన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అన్నాడు: "తమ మాట నిలబెట్టడానికే మహారాజా. కనిపెట్టింది తమరే, కాదనడానికి నేనెవణ్ణి? ఈ కుండ తమరు పుట్టిన నాటిది. అంటే తమరు తల్లి కడుపులో ఉండగానే దీన్ని కనిపెట్టి, అక్కణ్ణుంచే సూరమ్మ అవ్వకూ ఆమె వంశానికీ చేసుకొమ్మని సెలవిచ్చి ఉంటారు. ఇచ్చిన సెలవు తమవంటివారు వెనక్కి తీసుకోరు కదా!"

సూరమ్మ తన బొటనవేళ్ళను గుప్పిట్లో దాచుకుంది.

ముందు రాజు మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. కుండ ఎక్కడ జారుతుందోనని గుండెకు హత్తుకుని మరీ, కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. సూరమ్మను, చెరలోని ముసలాయనను వదిలేయమన్నాడు. ఊక కుండ కుమ్మరులందరిదీ అని చాటింపు వేయించాడు.

"ఏం కావాలో కోరుకో తిప్పనా!"

"ఈ కుండను మళ్ళీ వాసానికి కట్టే పని ఇంకెవరికైనా అప్పగించండి ప్రభూ" అంటూ తిప్పన చేతులు చాచాడు. అవి ఇంకా గజగజ వణుకుతూనే ఉన్నాయి.

రాజు తన బంగారు కంకణం తీసి ఆ వణికే చేతికి తొడిగాడు. పుట్టుకుండను మాత్రం తనే నిచ్చెనెక్కి, రెండు ముడులు ఎక్కువే వేసి కట్టుకున్నాడు.