స్వామిని ముంచిన బిందెలు

సర్కారు సెన్సారు ఆఫీసులో నీలకంఠం అనే అధికారి ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, సినిమాలో దేవుడి పేరు వినబడితే చాలు, ఎవరికి కోపం వస్తుందోనని ఆయనకు ఒకటే దడ.

ఒకనాడు హైమవతి అనే అమ్మాయి తను తీసిన మొదటి సినిమా తెచ్చి చూపించింది. అందులో ఒక కరువు ఊరు. వాన కోసం ఆడవాళ్లంతా బిందెలెత్తుకుని శివాలయానికి వెళ్తారు. నీళ్లు బయటికి పోయే తూము మూసేసి, లింగం నిండా మునిగేదాకా పోస్తారు. ఒక ముసలమ్మ స్వామిని నిలదీస్తుంది: "ఊపిరాడటం లేదా? మాకూ అలాగే ఉంది."

ఆ ఘట్టం తీసెయ్యమన్నాడు నీలకంఠం. దేవుణ్ణి ముంచి తిడితే మనసు నొచ్చుకుంటుందన్నాడు.

"ఎవరి మనసండీ?" అని అడిగింది హైమవతి.

"ఎవరిదో ఒకరిది," అన్నాడాయన.

ఆ ఘట్టం కోసమే సినిమా తీశానని ఆ పిల్ల ఎంత చెప్పుకున్నా వినలేదు. చివరికి కళ్లు తుడుచుకుని, చెప్పినట్టే కోసి ఇచ్చింది.

సినిమా విడుదలయ్యాక నీలకంఠం తన తల్లి నూకమ్మను హాలుకు తీసుకెళ్లాడు. దేవుడి సినిమా కదా అని ఆవిడ చెప్పులు విప్పి కూర్చుంది. తెర మీద ఆడవాళ్లు బిందెలెత్తుకున్నారు. అంతలోనే వాన కురిసింది.

"అదేమిట్రా, స్వామిని అడక్కుండానే వచ్చేసిందా?" అంది నూకమ్మ.

స్వామిని ముంచి తిట్టడం అపచారమని తానే ఆ ముక్క తీయించానని ఆయన కాస్త గొప్పగానే చెప్పాడు. ఇంటికి నడిచి వస్తూ ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కడుపులో ఉన్న ఏడు మా ఊళ్లో చుక్క పడలేదు. అంత కడుపుతోనూ గుడికి బిందె మోశాను. నా బిడ్డకి గుక్కెడు నీళ్లయినా ఉంచవా అని నేనూ స్వామిని తిట్టాను. వాన పడ్డాక ఆయన తల తుడిచి, పువ్వు పెట్టి, ఏడ్చాను. అందుకే నీకు ఆయన పేరు. పరాయివాణ్ణి అలా అంటామా నాయనా? మనవాడు గనక అన్నాం."

నీలకంఠానికి అప్పుడు అర్థమైంది. ఎవరికో కోపం వస్తుందని భయపడి, కన్నతల్లి మొరనే కత్తిరించేశాడు.

తెల్లవారగానే హైమవతి ఇంటికి తానే వెళ్లాడు. తప్పు తనదేననీ, ఆ ఘట్టం మళ్లీ పెట్టి తీసుకురమ్మనీ చెప్పాడు.

"మరి ఎవరి మనసైనా నొచ్చుకుంటే?" అందా పిల్ల, నవ్వు దాచుకుంటూ.

"నొచ్చుకున్న మనసు మా ఇంట్లోనే ఉందమ్మా," అన్నాడాయన.

ఆ తరవాత తెర మీద స్వామి నిండా మునిగినప్పుడు హాల్లో ఎవరూ కోప్పడలేదు. నూకమ్మ మాత్రం ముసలమ్మతో పాటు గొణుగుతూ, చేతులు జోడించింది.

భయపడే చెవికి ప్రేమతో అన్న మాట కూడా నిందలాగే వినిపిస్తుంది. అందుకే ఒకరి మాట నొక్కేసే ముందు, అది ఏ మనసులోంచి వచ్చిందో తెలుసుకోవాలి.