తెల్లగద్ద కోసం పారువేట

చిదంబరయ్యగారికి అడిగిన ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఇంకేదో ఊసెత్తుకుంటారు. ఆ పద్ధతంటే శిష్యుడు విరూపాక్షికి లోలోపల విసుగే. అయినా ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"స్వామీ, శాంతి కోసం జపం చేశాను, ఉపవాసాలున్నాను, మనసులో మూలమూలా గాలించాను. జాడ లేదు. ఇంకా ఎంత వెతకమంటారు?"

గురువుగారు వాళ్ల ఊరి డ్రాయింగు మేష్టారు ఓబులేశు సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

ఆ ఊరి గడ్డిబీడుకు ఏ ఏడో ఒకసారి, చలికాలంలో, దూరదేశాల నుంచి తెల్లగద్ద వస్తుందట. ఓబులేశు దాని బొమ్మ ఎన్నోసార్లు వేశాడు గానీ పక్షిని చూసింది లేదు. ఇంతలో కళ్లకు నీటికాసులు వచ్చాయి. ఈ చలికాలం దాటితే చూపు మిగలదని డాక్టరు చెప్పేశాడు. సరిగ్గా అప్పుడే బీడులో తెల్లగద్ద తిరుగుతోందని కబురొచ్చింది.

మేష్టారి పాత విద్యార్థులంతా పరుగెత్తుకొచ్చారు. ఆయనంటే ప్రాణం వాళ్లకు. అయితే వెతకడమంటే వాళ్లకు తెలిసింది పారువేట ఒక్కటే: పండగనాడు ఊరంతా బారుగా నిలబడి, గడ్డి తొక్కుతూ, కేకలేస్తూ కుందేళ్లను లేపడం. ఇదీ అలాగే కానిచ్చారు. మేష్టారిని గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టి, పొద్దుగూకేలోగా బీడంతా ఈ చివర నుంచి ఆ చివరకు తొక్కేశారు. ఒక్క గడ్డిపరక నిటారుగా మిగల్లేదు.

పొద్దు వాలుతుండగా అదే వచ్చింది. తెల్లగా, బాగా కిందుగా, మేష్టారి ఎదురుగానే. దిగబోతూ కాళ్లు చాచింది. దిగలేదు. చుట్టి వచ్చి మళ్లీ చాచింది. పైకి లేచి కొండ అవతలికి వెళ్లిపోయింది.

"సార్, చూస్తిరా? కండ్లారా చూస్తిరా?" అని వాళ్లు గంతులేశారు.

"చెట్టెక్కే పక్షి కాదురా అది. గడ్డిలోనే పండుకుంటాది," అన్నాడు మేష్టారు. "ఈ రాత్రికి యాడికి పోతాది?"

తెల్లగద్ద ఆ చలికాలం మళ్లీ రాలేదు. ఎండాకాలానికి, పాపం, ఆయన చూపు పోయింది.

విరూపాక్షికి జాలేసింది. "పోనీలెండి స్వామీ, కోరుకున్న పక్షిని చూడనైతే చూశాడు," అన్నాడు.

"చూశాడు నాయనా," అన్నారు చిదంబరయ్యగారు. "చోటు దొరక్క వెళ్లిపోవడం చూశాడు."